డ్రాఫ్ట్ రాత్రి ఫ్రిస్కో బారులో: ఎక్కడ కూర్చోవాలి, ఏం తినకూడదు

ఏటా జూలై మధ్యలో ఒక సాయంత్రం టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కోలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న స్పోర్ట్స్ బారు కిటకిటలాడుతుంది. చిత్రమేమిటంటే ఆ సమయానికి తెరమీద ఆటేమీ ఉండదు. బంతి విసిరేవాడు లేడు, కొట్టేవాడు లేడు. సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి మైకు దగ్గరకు వచ్చి, పద్దెనిమిదేళ్లో ఇరవై ఒక్కేళ్లో ఉన్న కుర్రాడి పేరొకటి చదివి పక్కకు తప్పుకుంటాడు. ఆ ఒక్క పేరు కోసం టెక్సస్ రేంజర్స్ అభిమానులు గంటల తరబడి కాచుకుని కూర్చుంటారు. వినగానే ఎగిరి గంతేస్తారు, లేదంటే తల పట్టుకుంటారు. మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ అంటే ఇదే. ఆ రాత్రికి ఆ బారు చేసే ఏర్పాట్ల మీదే ఈ సమీక్ష. మిగతా రోజుల్లో అది ఊళ్లో ఉన్న బార్లలో ఒకటి, అంతే.

పేరు రాయడం లేదు. యజమానితో ముఖపరిచయం ఏర్పడింది. పేరు పెట్టి తప్పులెన్నితే మొహమాటం, మెచ్చుకుంటే డబ్బు పుచ్చుకుని రాశాడంటారు. ఫ్రిస్కోలో ఉండేవాళ్లకు ఆనవాళ్లు చాలు: మా ఊరి బేస్‌బాల్ జట్టు రఫ్‌రైడర్స్ మైదానం నుంచి కారులో కొద్ది నిమిషాలు, లోపలికి వెళ్లగానే ఎడమ గోడకు పెద్ద తెల్లబోర్డు.

క్రికెట్‌తో పెరిగినవాళ్లకు ఈ తంతు మొదట్లో అర్థం కాదు. ఐపీఎల్ వేలం చూసిన కళ్లతో చూస్తే మరీ అయోమయం. వేలంలో ఆటగాడు మనకు తెలుసు, ధర ఎంతవరకు పోతుందో తెలియదు. ఇక్కడ ఒక్కో స్థానానికి ఇంత అని లీగే ఒక విలువ కట్టి ఉంచుతుంది, ఆటగాడే ఎవరో తెలియదు. హైస్కూలు ముగించినవాళ్లను, కాలేజీలో మూడేళ్లు ఆడినవాళ్లను ముప్పై జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఓడిన జట్లకు ముందు వరస. 2023 నుంచి మొదటి ఆరు స్థానాలకు లాటరీ కూడా పెట్టారు, కావాలని ఓడిపోయేవాళ్లకు ముకుతాడు వేయడానికి. ఎంపికైన కుర్రాడు మర్నాడే వచ్చి పెద్ద మైదానంలో ఆడతాడనుకుంటే పొరపాటు. మైనర్ లీగుల్లో ఒక్కో మెట్టూ ఎక్కాలి, చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. రేంజర్స్‌కు ఆ మెట్లలో ఒకటి మా ఊరి రఫ్‌రైడర్స్ జట్టు. అంటే డ్రాఫ్ట్ రాత్రి తెరమీద విన్న పేరుగలవాడే రెండేళ్ల తర్వాత మన కిరాణా కొట్టు వరుసలో ముందు నిలబడి ఉండొచ్చు. ఫ్రిస్కోలో ఈ రాత్రికి జనం ఎక్కువ రావడానికి అదీ ఒక కారణం.

ఇక బారు సంగతి. దాని ఘనత అంతా ఆ తెల్లబోర్డుదే. రేంజర్స్ ఎవరిని ఎంచుకున్నా ఒక ఉద్యోగిని నిచ్చెన వేసుకుని ఎక్కి పేరు, స్థానం, చదివిన చోటు రాస్తుంది. పక్కనే అభిమానుల మార్కు. చేతులెత్తించి లెక్కపెట్టి ఏ నుంచి ఎఫ్ వరకు ఏదో ఒక అక్షరం వేస్తారు. రాత్రి ముగిశాక దాన్ని ఫోటో తీసి, చట్రం కట్టి, మరుగుదొడ్ల వైపు వెళ్లే సన్నని దారిలో తగిలిస్తారు. పాత సంవత్సరాల ఫోటోలన్నీ అక్కడే ఉన్నాయి. చేతులు కడుక్కుని వస్తూ జనం ఆ ఫోటోల ముందు ఆగి నవ్వుకోవడం ప్రతిసారీ చూస్తాను. యజమాని తెలివంటే ఇదీ. ఏ టీవీ వ్యాఖ్యాతా తన పాత మార్కులను గోడకు తగిలించుకోడు.

కూర్చోవలసింది ఆ బోర్డు కిందనున్న పొడవాటి బల్ల దగ్గర. అక్కడ తప్ప మాట వినపడదు. బారులో తెరలు బోలెడు, కానీ శబ్దం ఒక్కదానికే, ఆ ఒక్కటి ఏదన్నది మేనేజరు దయ. ఒక ఏడాది డ్రాఫ్ట్ తెరలన్నీ మూగగా ఉండగా గోల్ఫ్ పునఃప్రసారానికి గట్టిగా శబ్దం పెట్టారు. పచ్చికలో బంతి దొర్లుతుంటే గుసగుసలాడే వ్యాఖ్యానాన్ని ఇంత పెద్ద శబ్దంతో వినడం నాకదే మొదటిసారి. అరిచి గోల చేశాక మార్చారు. ఎంపికకూ ఎంపికకూ మధ్య కొన్ని నిమిషాల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీల్లో చెవులు చిల్లులు పడేలా పాటలు వేస్తారు, సరిగ్గా పేరు చదివే లీగు కమిషనర్ నోరు తెరిచే సమయానికి పాట ఆపడం మరచిపోతారు. అది ఇప్పటికీ సరిదిద్దుకోలేదు. సేవకు నాలుగు నక్షత్రాలు ఇచ్చేవాణ్ని, శబ్దం కారణంగా రెండు తీసేస్తున్నాను.

బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉంది: ఫోను బోర్లా పెట్టాలి. టీవీ ప్రసారం కంటే ముందే పేర్లు ఫోనులో వచ్చేస్తాయి. అవి చూసి ముందే అరిచేసేవాడికి ఆ బల్ల దగ్గర చోటుండదు. ఈ నియమం బారు పెట్టింది కాదు, అక్కడ ఏటా కూర్చునే ఒక పెద్దాయన పెట్టింది. పేరుమోసిన పాత పిచర్ (బంతి విసిరేవాడు) నోలన్ రయన్ పేరున్న 34వ నంబరు చొక్కా వేసుకుని వస్తాడు. వెలిసిపోయిన చొక్కా, కాలరు దగ్గర దారాలు లేచాయి. కొత్తవాళ్లెవరైనా మూడో రౌండు నాలుగో రౌండు అని పెదవి విరిస్తే వెంటనే అందుకుంటాడు: రయన్‌ను 1965లో, అసలు మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో, న్యూయార్క్ మెట్స్ జట్టువాళ్లు 12వ రౌండులో తీసుకున్నారని. మొత్తం మీద 295వ వాడు. ఈ మాట ఆ బల్ల దగ్గర అందరికీ కంఠతా వచ్చు.

ఆయన చెప్పే రెండో కథ మాత్రం నాకు ఎన్నిసార్లు విన్నా విసుగు పుట్టదు. 1973లో రేంజర్స్‌కు మొదటి ఎంపిక దక్కింది. హ్యూస్టన్‌లో హైస్కూలు చదువుతున్న డేవిడ్ క్లైడ్ అనే ఎడమచేతి పిచర్‌ను తీసుకున్నారు. జట్టు అప్పటికి వాషింగ్టన్ నుంచి టెక్సస్‌కు వచ్చి నిండా రెండేళ్లు కాలేదు, స్టేడియంలో కుర్చీలన్నీ ఖాళీ. యజమాని బాబ్ షార్ట్‌కు టిక్కెట్ల డబ్బు కావాలి. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని మైనర్ లీగులకు పంపకుండా నేరుగా పెద్ద మైదానంలో నిలబెట్టారు. జూన్ 27న మొదటి ఆట. స్టేడియం కిక్కిరిసింది. టిక్కెట్ల కోసం కార్లు బారులు తీరడంతో ఆట ఆలస్యంగా మొదలైంది. ఆ కుర్రాడు మొదటి ఇన్నింగ్స్‌లోనే ఇద్దరిని బంతులు గురితప్పి ఊరికే బేస్‌కు పంపి, ఆ వెంటనే ముగ్గురిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి సరిగ్గా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. అయిదు ఇన్నింగ్స్‌లో ఎనిమిది స్ట్రైకౌట్లు, ఊరికే బేస్‌కు పంపిన వాక్‌లు ఏడు, ఇచ్చిన హిట్ ఒక్కటే. గెలిచాడు. అక్కడే ఆపి మైనర్ లీగులకు పంపి ఉంటే బాగుండేది. పంపలేదు. మొత్తం మీద 18 గెలుపులు, 33 ఓటములతో పాతికేళ్లు నిండకముందే అతని మేజర్ లీగ్ జీవితం ముగిసిపోయింది. పెద్దాయన ఆ మొదటి ఆటకు నాన్నతో వెళ్లాడట. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన బాబ్ షార్ట్ పేరు పలికే తీరు చూడాలి, మన ఊళ్లలో దాయాది పేరు అలాగే పలుకుతారు.

తిండి విషయానికి వస్తే, చికెన్ వింగ్స్ బాగుంటాయి. లెమన్ పెప్పర్ వేసినవి అడగండి. ఎర్రటి సాస్‌లో ముంచినవి తింటే బోర్డు మీద మార్కు వేయడానికి చెయ్యెత్తినప్పుడు పక్కవాడి చొక్కా పాడవుతుంది. నాచోస్ వద్దు. ఈ రాత్రి జనం ఎక్కువ కాబట్టి ముందే చేసి పెట్టేస్తారు, చీజ్ గడ్డకట్టి వస్తుంది. శాకాహారులకు తిప్పలే. చీజ్ పెట్టి కాల్చిన రొట్టె కెసడియా ఒకటి, ఫ్రైస్ ఒకటి, వెనిగర్‌లో ఊరబెట్టిన దోసకాయ ముక్కలకు పిండి పట్టించి వేయించిన ఫ్రైడ్ పికిల్స్ ఒకటి. మూడోది మన బజ్జీకి దూరపు చుట్టంలా ఉంటుంది, వేడి మీద తింటే భేషుగ్గా ఉంటుంది. కానీ మాంసం వేయించే నూనెలోనే ఇవీ వేయిస్తారా అని అడిగితే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి నిజం చెప్పింది బోర్డు రాసే ఆ అమ్మాయి: అదే నూనె. పట్టింపు ఉన్నవాళ్లు కెసడియాతో సరిపెట్టుకోవాలి. నిజం చెప్పినందుకు మాత్రం ఆ అమ్మాయికి టిప్పు ఎక్కువే ఇచ్చాను.

ఆ ప్రశ్న అడగవలసి వచ్చింది మా మామగారి కోసం. 2022 వేసవిలో తెనాలి నుంచి వచ్చారు. శుద్ధ శాకాహారి. ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోతున్నారని జూలై 17 సాయంత్రం వెంట తీసుకువెళ్లాను. అంతకు ముందు ఏడాది రేంజర్స్ 102 ఆటలు ఓడిపోవడంతో మూడో ఎంపిక వచ్చింది. మొదట బాల్టిమోర్ వాళ్లు జాక్సన్ హాలిడేను తీసుకున్నారు, తర్వాత అరిజోనా వాళ్లు డ్రూ జోన్స్‌ను. ఇద్దరూ పేరుమోసిన ఆటగాళ్ల కొడుకులే. ఇక మనవంతు. బల్ల చుట్టూ ఎవరికి తోచిన పేరు వాళ్లు చెబుతున్నారు. ఒకాయన టెర్మార్ జాన్సన్ అంటే, ఇంకొకాయన ఎలైజా గ్రీన్ తప్ప మరొకడు పనికిరాడంటున్నాడు. కమిషనర్ వచ్చాడు. కుమార్ రాకర్ అన్నాడు.

బారు మొత్తం ఒక్కసారి మూగబోయింది. మా వెనకనున్న కుర్రాడు టోపీ తీసి బల్లమీద బోర్లించాడు. పెద్దాయన గ్లాసు పెదవుల దాకా తీసుకువెళ్లి, తాగకుండానే మళ్లీ కింద పెట్టాడు. ఆ నిశ్శబ్దంలో చప్పట్లు కొట్టింది ఒక్కరే, మా మామగారు.

“కుమార్ అన్నాడు కదూ బాబూ? మనవాడేనా?” అన్నారు కళ్లు మెరిపిస్తూ.

“సగం మనవాడే మామయ్యగారూ, కాస్త మెల్లగా కొట్టండి,” అన్నాను.

పక్క బల్ల మనిషి ఇటు తిరిగి, మీకు తెలిసినవాడా అని అడిగాడు. పేరు తెలిసింది, ఇంకేం కావాలన్నారు మామగారు, తన ఇంగ్లీషులో. ఆ జవాబుకు ఆ బల్ల దగ్గర మొదటి నవ్వు వినపడింది.

వాళ్ల దిగులుకు కారణం లేకపోలేదు. రాకర్ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మొనగాడు. 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయం మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేసినవాడు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసినవాడు, తల్లి భారతదేశం నుంచి వలస వచ్చిన కుటుంబపు ఆడపడుచు. 2021లో మెట్స్ పదో స్థానంలో తీసుకుని, వైద్యపరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోకుండా వదిలేశారు. భుజానికి శస్త్రచికిత్స జరిగింది. ఏ పెద్ద జట్టుతోనూ సంబంధం లేని చిన్న లీగులో ట్రై-సిటీ అనే జట్టుకు కొన్ని ఆటలు ఆడి మళ్లీ డ్రాఫ్ట్‌కు వచ్చాడు. అంత పైస్థానంలో అతని పేరు ఎవరూ ఊహించలేదు. మరొకరు వద్దని పారేసిన సరుకును మనం మూడో స్థానపు ధరకు కొన్నామా అని వెనక బల్లనుంచి గోల. ఇంకో తమాషా, అతణ్ని వదులుకున్నందుకు పరిహారంగా మెట్స్‌కు ఆ రాత్రే 11వ ఎంపిక దక్కింది. దానితో వాళ్లు కెవిన్ పరాడా అనే క్యాచర్‌ను (పిచర్ బంతులు పట్టేవాణ్ని) తీసుకున్నప్పుడు మా బారులో వాళ్లకు ఎన్నడూ లేనంత కోపం.

బోర్డు మీద మార్కు డి. మామగారు చెయ్యెత్తి ఏ అన్నారు. లెక్కలో కలిపారు, కానీ గెలవలేదు.

ఇక్కడ బారు యజమాని లౌక్యం చెప్పాలి. రేంజర్స్ ఎవరినైనా ఎంచుకున్న ప్రతిసారీ బల్లకొక ప్లేటు ఫ్రైస్ ఉచితమని గుమ్మం దగ్గర రాసిపెట్టాడు. కానీ కోరీ సీగర్, మార్కస్ సెమియన్ అనే పేరున్న ఆటగాళ్లను కొనుక్కున్నందుకు నిబంధనల ప్రకారం రేంజర్స్ రెండో రౌండునూ మూడో రౌండునూ వదులుకున్నారు. ఆ రాత్రి 80 పేర్లు చదివితే మనది ఒక్కటే. అంటే ఒక్క ప్లేటు. ఈ సంగతి ఆయనకు ముందే తెలుసనే నా అనుమానం. మూడో ఎంపిక తర్వాత జనం లేచిపోకుండా ఏం చేశాడో మాత్రం మెచ్చుకోవాలి. తెల్లబోర్డు కింద ఇంకో గీత గీయించి, తర్వాత వచ్చే ప్రతి జట్టు ఎంపికకూ మనం ఆ కుర్రాణ్ని వదులుకుని తప్పు చేశామా లేదా అని ఓటు పెట్టించాడు. తిట్టుకోవడానికి దొరికిన అవకాశం జనాన్ని మూడు గంటలు కూర్చోబెట్టింది. బిల్లులూ పెరిగాయి.

అసలు ఎత్తుగడ మర్నాడు మధ్యాహ్నం బయటపడింది, అందరూ ఆఫీసుల్లో ఉన్నప్పుడు. మూడో స్థానానికి లీగు కట్టిన విలువ దాదాపు 76 లక్షల డాలర్లు. రాకర్ 52 లక్షలకు ఒప్పుకున్నాడు. జట్టు మొత్తం మీద ఖర్చు పెట్టగలిగే సొమ్ముకు పరిమితి ఉంటుంది కాబట్టి మిగిలినదాన్ని వేరేవాడికి మళ్లించవచ్చు. మళ్లించారు. బోనస్ అడిగినంత దొరకదేమోనని మిగతా జట్లు జంకిన బ్రాక్ పోర్టర్ అనే హైస్కూలు పిచర్‌ను నాలుగో రౌండులో తీసుకుని 37 లక్షలిచ్చారు. నాలుగో రౌండు వాడికి అంత సొమ్మంటే మామూలు కాదు. ఆ సోమవారం సాయంత్రం బారుకు వెళ్లినవాళ్లు డిని సిగా మార్చాలని గొడవ చేశారట. మార్చలేదు. ఫోటో అప్పటికే తీశామని చెప్పిందట ఆ అమ్మాయి. సబబే. పోర్టర్ ఆ తర్వాత బంతి మీద అదుపు దొరక్క మైనర్ లీగుల్లో తంటాలు పడ్డాడు కూడా.

రాకర్ మోచేతికి 2023లో మళ్లీ శస్త్రచికిత్స. 2024లో కోలుకుని ఇక్కడ ఫ్రిస్కోలోనూ విసిరాడు. సెప్టెంబరు 12న సియాటిల్‌లో మొదటి పెద్ద ఆట ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. తెనాలికి వీడియో పంపితే, మనవాడికి ఆ భుజం ఇప్పుడెలా ఉందని అడిగారు మామగారు. 2025లో మాత్రం అతనికి నిలకడ కుదరలేదు. ఆ డి న్యాయమా కాదా అన్నది ఆ సన్నని దారిలో ఇంకా తేలలేదు.

2023 రాత్రి వేరు. నాలుగో ఎంపిక మనది. మొదటి రెండూ ఒకే కాలేజీ జట్టు నుంచి, పాల్ స్కీన్స్, డిలన్ క్రూస్. మూడోది డెట్రాయిట్. వాళ్లు ఫ్లోరిడా కాలేజీ కుర్రాడు వయట్ లాంగ్‌ఫర్డ్‌ను వదిలేస్తే చాలని మా బల్ల దగ్గర దేవుళ్లందరికీ మొక్కులు. డెట్రాయిట్ వాళ్లు మాక్స్ క్లార్క్ అనగానే బారు పైకప్పు ఎగిరిపోయింది. మన పేరు ఇంకా చదవనేలేదు! వేరే జట్టు ఎంపికకు అంత సంబరం నేను ఇంకెప్పుడూ చూడలేదు. లాంగ్‌ఫర్డ్ పేరు చదివేటప్పటికి ఎవరికీ వినపడలేదు, వినవలసిన అవసరమూ లేకపోయింది. మార్కు ఏ. ఏడాది తిరక్కుండా 2024 మొదటి ఆటకే జట్టులోకి వచ్చాడు, ఆ జూన్ 30న బాల్టిమోర్ మీద సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్ రన్ నాలుగూ ఒకే ఆటలో కొట్టాడు. ఆ ఏడాది వింగ్స్ కూడా వేడివేడిగా వచ్చాయి, జనం అవేమీ పట్టించుకునే స్థితిలో లేకపోయినా.

2024లో వెళ్లకపోయినా నష్టం ఉండేది కాదు. 2023 నవంబరులో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు కాబట్టి 30వ ఎంపిక. డ్రాఫ్ట్ జరిగింది ఫోర్ట్ వర్త్‌లో, స్టాక్‌యార్డ్స్‌లోని పాత కౌటౌన్ కొలీసియంలో. ఉత్సాహం ఉన్నవాళ్లంతా అక్కడికే పోయారు. స్టాన్‌ఫర్డ్ క్యాచర్ మాల్కమ్ మూర్ పేరు వచ్చేసరికి బల్ల దగ్గర అయిదారుగురం మిగిలాం, వంటగదిలో వింగ్స్ అయిపోయాయి. మార్కు బి, ఓపిక లేక వేసిన బి. 2025లో 12వ స్థానంలో కాలిఫోర్నియా హైస్కూలు కుర్రాడు గావిన్ ఫీన్. బల్ల రెండుగా చీలిపోయి వాదించుకుంది. పెద్దాయన డేవిడ్ క్లైడ్ కథ ఎత్తుకున్నాడు. అతను పిచర్ కాదు కదా అని ఎవరో అంటే, వయసు అదే కదా అన్నాడు.

వెళ్లదలచుకున్నవాళ్లకు నాలుగు ముక్కలు. బోర్డు కింది బల్ల కావాలంటే వారం ముందే ఫోను చేయండి, ఇంటర్నెట్‌లో బుక్ చేస్తే వరండాలో వేస్తారు. టెక్సస్ జూలైలో వరండా అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఆరుగురు దాటితే బిల్లులో టిప్పు వాళ్లే కలిపేస్తారు, చూసుకోకపోతే రెండోసారి ఇస్తారు. నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే ఇచ్చింది, వెనక్కి అడిగితే కూపన్ చేతిలో పెట్టారట, డబ్బు కాదు. పిల్లల్ని తీసుకువెళ్లవచ్చు, రాత్రి తొమ్మిది దాటాక మాటలు కాస్త ముదురుతాయి. మొదటి రాత్రికే వెళ్లండి. రెండో రోజు పేర్లు గబగబా చదివేస్తారు, ఆ అమ్మాయి నిచ్చెన కూడా తీయదు. ఒక్కటి మరవకండి: రేంజర్స్ వంతుకు మూడు నాలుగు పేర్లు ముందే బిల్లు కట్టేయండి, ఆ తర్వాత పిలిచినా పలికేవాళ్లుండరు.